సముద్రం మీద ఐదు కిలోలు

2003 ఆగస్టు 9. శనివారం. సాయంత్రం ఏడూ నలభై అయిదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో కేప్ స్పియర్. ఉత్తర అమెరికాకు తూర్పున చిట్టచివరి కొన అదే. కాళ్ళ కింద బండరాళ్ళు. ఎదురుగా అట్లాంటిక్. ఇంకాసేపట్లో పొద్దు కుంకుతుంది. ఆ రాళ్ళ మీద, ఉప్పుగాలికి ఎదురొడ్డి, డెబ్భై ఏడేళ్ళ పెద్దాయన ఒకడు బాల్సా కలపతో చేసిన చిన్న విమానాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, దాని ముక్కున గిర్రున తిరుగుతున్న పంకా అదురుకి మోచేతులు వణుకుతుంటే నిలబడి ఉన్నాడు. ముందున్న సముద్రం ఆయనకు సరిగ్గా కనపడదు. వెనకున్నవాళ్ళ మాట సరిగ్గా వినపడదు. చేతిలో ఉన్నది మాత్రం ఆ సముద్రం దాటాలి. ఒంటరిగా.

ఆయన పేరు మేనార్డ్ హిల్. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారి అప్లైడ్ ఫిజిక్స్ ప్రయోగశాలలో లోహశాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యాడు. అది జీతం కోసం. ప్రాణం మాత్రం బొమ్మ విమానాల మీద. ఎత్తు, వేగం, ఎగిరిన సమయం, ఇలా మోడల్ విమానాల్లో పాతిక ప్రపంచ రికార్డులు ఆయనవే. 1970లో సొంతంగా కట్టిన విమానాన్ని రేడియోతో నడుపుతూ, కంటికి ఆనకుండా పోయినా దుర్భిణీలతో వెతికి పట్టుకుంటూ, 8,205 మీటర్ల ఎత్తుకు ఎక్కించి మళ్ళీ నేలకు దింపాడు. తరవాత వయసు మీద పడింది. చూపు మందగించింది. చట్టం లెక్కలో ఆయన అంధుడే. చెవులూ మొరాయించాయి. అయినా పనిబల్ల వదల్లేదు. రెక్క పక్కటెముకల్ని వేళ్ళతో తడిమి చూసేవాడు. ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ ఇంకాస్త గీకాలో బొటనవేలే చెప్పేది. అలా తడిమి తడిమి కట్టినవాటిలో ఐదోది ఇప్పుడు చేతిలో ఉంది. ముందు నాలుగు ఏమయ్యాయో అక్కడున్న అందరికీ తెలుసు.

హిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. విసిరాడు. విమానం ఒక్కసారి కిందికి కుంగి, గాలి దొరకగానే ముక్కెత్తి, బండరాళ్ళు దాటి, నురగ దాటి, నీళ్ళ మీదికి వెళ్ళిపోయింది. రిమోట్ పట్టుకున్న సహచరుడి చూపు రెక్కల మీదే. బొటనవేళ్ళు స్టిక్స్ మీద. పైకి. ఇంకా పైకి. ఓ చుట్టు తిప్పాడు. ఇంజను మోత సమంగా వినిపిస్తోంది. ఇక ఒక్క స్విచ్ నొక్కాలి. నొక్కితే విమానం ఆటోపైలట్ చేతికి వెళ్తుంది. కాసేపటికల్లా రేడియో అందే దూరం దాటిపోతుంది. ఆ తరవాత ట్రాన్స్‌మిటర్‌తో ఎంత తంటాలు పడ్డా అది పలకదు.

స్విచ్ పడింది.

విమానం తూర్పుకి తిరిగింది. చూస్తుండగానే చుక్కయింది. చుక్క కూడా పోయింది. దాని గమ్యం ఐర్లండ్ పడమటి తీరాన క్లిఫ్డెన్ అనే ఊరి దగ్గరున్న మానిన్ బీచ్. దూరం 3,030 కిలోమీటర్లు. మచిలీపట్నం నుంచి ఢిల్లీకి కాకి దారిన వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చినా ఇంకా కొంత మిగిలే దూరం. మధ్యలో దిగడానికి జానెడు నేల లేదు. తోడు వెళ్ళే ఓడ లేదు. ఇంజను ఒక్క నిమిషం ఆగితే కథ కంచికే.

అసలు చిక్కు బరువుతో. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య అప్పటి నిబంధన ప్రకారం మోడల్ విమానంగా రికార్డుకెక్కాలంటే ఇంధనంతో కలిపి ఐదు కిలోలు మించకూడదు. ఒక్క గ్రాము ఎక్కువైనా రికార్డు లేదు. ఆ ఐదు కిలోల్లోనే రెక్కలు, తోక, ఇంజను, బ్యాటరీలు, జీపీఎస్, ఉపగ్రహానికి కబురు పంపే యంత్రం, అన్నీ సర్దుకోవాలి, పైగా ఒకటిన్నర రోజు దాటి ఎగరడానికి సరిపడా ఇంధనం కూడా అందులోనే పట్టాలి. అంటే కలపలో గీకేసిన ప్రతి గ్రామూ ట్యాంకులో ఒక గ్రాము ఇంధనం. కొలిచారు. గీకారు. మళ్ళీ తూచారు. చివరికి రెండు కిలోలకు పైగా ఇంధనానికే మిగిల్చారు. కొలతలో చెప్పాలంటే నాలుగు లీటర్లు కూడా లేదు. దాంతో అట్లాంటిక్ దాటాలి.

ఇంజను పది సీసీది. నూరు సీసీ బైకు ఇంజనులో పదో వంతు. మామూలుగా మోడల్ ఇంజన్లు ఆల్కహాల్ కలిసిన ఇంధనం తాగుతాయి. అదీ గటగటా తాగేస్తాయి. అందుకని హిల్ బృందం ఇంజనుకి స్పార్క్ ఏర్పాటు చేసి, కార్బురేటర్‌ని మార్చి, లాంతరు ఇంధనానికి అలవాటు చేసింది. దివిసీమ ఊళ్ళలో కరెంటు లేని రోజుల్లో పెళ్ళి ఊరేగింపు ముందు నెత్తిన పెట్టుకుని నడిచిన పెట్రోమాక్స్ లైటు గుర్తుందిగా. ఆ జాతి లాంతర్లకే అమెరికాలో కిరసనాయిలు బదులు బాగా శుద్ధి చేసిన, మసి పట్టని ద్రవం ఒకటి పోస్తారు. అదే ఇక్కడ ట్యాంకులో ఉంది, కాస్త కందెన కలిపి. పుల్లింగ్ బాగానే ఉంది. కానీ ఇంత సన్నని ధారతో ఇంజను రెండు రాత్రులు ఆగకుండా తిరుగుతుందా?

మొదటి రాత్రి. నీళ్ళకు దాదాపు మూడొందల మీటర్ల ఎత్తున విమానం పోతోంది. గంటకు డెబ్భై కిలోమీటర్ల వేగం. వెనక నుంచి గాలి తోస్తే ఇంకాస్త ఎక్కువ. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులే. దాన్ని నడుపుతున్నవి అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ పలకలు. జీపీఎస్ దారి చెబుతోంది. గాలి ఒత్తిడి ఎత్తు చెబుతోంది. రెక్క ఒక పక్కకి ఒరిగితే ఆటోపైలట్ వెంటనే సర్వో మోటార్‌ని కదిలించి చుక్కాని సర్దుతోంది, మళ్ళీ ఒరిగితే మళ్ళీ సర్దుతోంది, చీకట్లో ఎవరూ చూడకపోయినా అదే పనిగా సర్దుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్ళకి అన్నం పొట్లాలు, మంచినీళ్ళు మోసిన డ్రోన్లు గాల్లో నిలదొక్కుకున్నది కూడా ఈ విద్యతోనే. 2003లో మాత్రం అది ఇంకా పసిది. దాన్ని నమ్మి సముద్రం మీదికి వదిలిన నాలుగు విమానాలూ అవతలి ఒడ్డు చూడలేదు.

2002 ఆగస్టులో మూడు పోయాయి. ఏడాది తిరిగాక నాలుగోదీ పోయింది. ప్రతిసారీ ఇదే వరస. విసరడం. చూడటం. ఎదురుచూడటం. ఉన్నట్టుండి కబురు ఆగిపోవడం. ఐదోదానికి 'స్పిరిట్ ఆఫ్ బట్స్ ఫామ్' అని పేరు పెట్టారు. మేరీల్యాండ్‌లో వీళ్ళు విమానాలు పరీక్షించుకున్న పొలం పేరది. లెక్కల్లో మాత్రం టామ్-5. ట్రాన్స్ అట్లాంటిక్ మోడల్, ఐదోది. విమానం ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా అంకెలు వస్తున్నాయి. అక్షాంశం. రేఖాంశం. ఎత్తు. ఒక్కో వరసా వచ్చినప్పుడల్లా మ్యాపు మీద ఒక చుక్క పడుతోంది. చుక్కలు తూర్పుకి పాకుతున్నాయి. అంతలో అంకెలు రావడం మానేశాయి.

గంట గడిచింది. ఏమీ లేదు. తెరలో పాత వరసే. ఇంకా గడిచింది. ఏమీ లేదు. కేప్ స్పియర్ పక్కనున్న సెయింట్ జాన్స్ ఊళ్ళో హిల్ బృందంలో ఎవరికీ నిద్ర లేదు. ఇంజను ఆగిందా? బ్యాటరీ పోయిందా? నీళ్ళలో పడిందా? నాలుగుసార్లు విన్న మౌనమే మళ్ళీ వినిపిస్తుంటే, ఆ గదిలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

ఆ ఊరికి ఎదురుచూడటం కొత్త కాదు. 1901 డిసెంబరు 12న ఇక్కడి సిగ్నల్ హిల్ గుట్ట మీదే మార్కోని గాలిపటానికి తీగ కట్టి, చెవికి రిసీవర్ ఆనించుకుని, సముద్రం అవతల నుంచి రేడియోలో వచ్చే చిన్న టిక్ టిక్ శబ్దం కోసం కాచుకున్నాడు. అంతకు మూడేళ్ళ ముందు, 1898లో, న్యూయార్క్‌లో నికోలా టెస్లా తీగలేవీ లేకుండా నీటి తొట్టిలో చిన్న పడవను కుడికీ ఎడమకీ తిప్పి చూపిస్తే, లోపల కోతిని కూర్చోబెట్టారని జనం గుసగుసలాడారట. రిమోట్ కంట్రోల్ బొమ్మలన్నిటికీ ముత్తాత ఆ పడవే. టెస్లా కళ్ళముందు తొట్టి ఉంది. మార్కోని చెవిలో టిక్కులు పడ్డాయి. హిల్ దగ్గర కనపడే పడవా లేదు, వినపడే టిక్కూ లేదు.

అంకెలు వచ్చాయి.

మళ్ళీ ఒక వరస. ఇంకో వరస. విమానం ఎక్కడికీ పోలేదు. కబురు మాత్రమే తప్పింది. మ్యాపు మీద కొత్త చుక్క పడింది. పాత చుక్కకు చాలా తూర్పున. దారి తప్పలేదు. ఎత్తు తగ్గలేదు. గదిలో ఊపిరి ఆడింది. కానీ అప్పటికి ట్యాంకులో ఎంత మిగిలిందో చెప్పే ముల్లు ఏదీ లేదు.

ఆదివారం గడిచింది. రెండో రాత్రి కూడా గడిచింది. సోమవారం మధ్యాహ్నం. మానిన్ బీచ్. తెల్లటి ఇసుక, చలిగాలి, నీళ్ళలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళు. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు ఆగకుండా అట్లాంటిక్ దాటిన మొదటి విమానాన్ని దించింది ఈ చుట్టుపక్కలే, క్లిఫ్డెన్ బురదనేలలో. వాళ్ళు బయల్దేరిందీ సెయింట్ జాన్స్ నుంచే. ఇప్పుడు అదే దారిన వస్తున్నదాంట్లో పైలట్ లేడు. పైలట్ ఇసుకలో నిలబడి ఉన్నాడు. పేరు డేవ్ బ్రౌన్. అప్పట్లో అమెరికా మోడల్ ఏరోనాటిక్స్ అకాడమీ అధ్యక్షుడు. మెడలో రెండో ట్రాన్స్‌మిటర్. విమానం తన రేడియోకి అందే దూరంలోకి రావాలి. తన కంటపడాలి. అప్పుడు స్విచ్ నొక్కి ఆటోపైలట్ నుంచి లాక్కోవాలి. కాస్త పక్కకి వెళ్ళిందంటే కొండల్లోకి పోతుంది. కంటపడకపోతే నెత్తి మీంచే పోతుంది. లెక్క ప్రకారం ఇంధనం అడుగంటి ఉండాలి.

చుట్టూ చేరిన కొద్దిమందీ పడమటి ఆకాశం వంకే చూస్తున్నారు. మబ్బు. పక్షి. మళ్ళీ మబ్బు. పక్షుల్లో ఒకటి రెక్కలాడించడం లేదు. దుర్భిణీలు అటు తిరిగాయి. నీళ్ళ మీదుగా సన్నని గీత ఒకటి తిన్నగా వీళ్ళ వైపే వస్తోంది, గాలి ఒక్క క్షణం తెరిపిచ్చినప్పుడు ఆ గీత వెనకే దోమ రొద లాంటి మోత కూడా లీలగా చెవిన పడింది. ఇంజను తిరుగుతోంది. ముప్పై ఎనిమిది గంటలు దాటినా తిరుగుతోంది. బ్రౌన్ స్విచ్ నొక్కాడు. స్టిక్ మెల్లగా కదిపాడు.

రెక్క ఒరిగింది. మాట విన్నది.

అట్లాంటిక్ అవతల ఒకరి చేతిలోంచి జారిన పగ్గం ఇవతల ఇంకొకరి చేతికి అందింది. బ్రౌన్ తొందరపడలేదు. బీచ్ మీద చుట్టు తిప్పాడు. ఎత్తు తగ్గించాడు. గాలికి ఎదురు తిప్పాడు. దీనికి చక్రాలు లేవు. చక్రాల బరువు కూడా ఇంధనానికే ఇచ్చేశారు. పొట్ట మీదే దిగాలి. విమానం జనం ముందు నుంచి కిందికి వాలి, నేల తగలబోతూ ముక్కు కాస్త ఎత్తి, పొట్టతో జర్రున జారి ఆగింది. స్థానిక సమయం మధ్యాహ్నం రెండూ ఎనిమిది. ఎగిరిన సమయం 38 గంటల 52 నిమిషాల 19 సెకన్లు. ఎవరో అరిచారు. బ్రౌన్ ఫోను తీశాడు.

సెయింట్ జాన్స్‌లో మోగింది. దిగిందన్న మాట హిల్‌కి చేరింది. ఆయన భార్యని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాడు. మోడల్ విమానాల దూరం రికార్డు, సమయం రికార్డు రెండూ ఒక్క ప్రయాణంతో ఆయన ఖాతాలో పడ్డాయి. ఆ తరవాత ఎనిమిదేళ్ళు బతికాడు. 2011లో, ఎనభై ఐదేళ్ళ వయసులో పోయాడు. వేళ్ళతో తడిమి గీకి మిగిల్చిన గ్రాముల విలువ ఎంతో తేలింది మాత్రం ట్యాంకులో మిగిలినదాన్ని కొలిచాకే. ఒకటిన్నర ఔన్సు. సుమారు 45 మిల్లీలీటర్లు. దాంతో ఆ విమానం ఇంకో అరగంట ఎగరగలదు. మన లెక్కలో బందరు నుంచి గుడివాడ దాకా. అంతే.