దహ్రాన్ నుంచి లాంపీటర్ దాకా: నడివయసు విద్యార్థులూ ప్రాంతీయ అధ్యయనాలూ

సౌదీ అరేబియాలో పదిహేను, ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసిన తెలుగువారిలో కొందరికి ఏదో ఒక దశలో ఆ దేశాన్ని పద్ధతి ప్రకారం చదువుకోవాలన్న కోరిక కలుగుతుంది. ఇంజనీరుగానో అకౌంటెంటుగానో వెళ్ళి, ఇకామాల గడువులు, పిల్లల బడుల మధ్య కాలం గడిపినవారికి అక్కడి వీధులు తెలుసు, మనుషులు తెలుసు. ఆ సమాజం అలా ఎందుకున్నదో మాత్రం తెలియదు. వెదికితే చాలా డిగ్రీలు కనబడతాయి. ఒకచోట వాటి పేరు మధ్యప్రాచ్య అధ్యయనాలు, మరొకచోట పశ్చిమాసియా, ఇంకొకచోట ఇస్లామిక్ అధ్యయనాలు. వీటిలో ఏది తమకు తగినదన్న ప్రశ్న విశ్వవిద్యాలయాల ప్రకటనలు చదివితే తేలదు. ఈ విద్య ఎవరి కోసం, ఎవరి డబ్బుతో రూపుదిద్దుకున్నదో చూస్తే కొంతవరకు తేలుతుంది.

మొదట గమనించవలసినది, ఈ విద్యను నిర్మించినవారిలో చాలామంది మామూలు అర్థంలో విద్యార్థులు కారు. బెర్‌ట్రమ్ థామస్ సంగతే చూడండి. 1892లో ఇంగ్లండులో ఒక చిన్న ఊరిలో పుట్టి, తపాలా శాఖలో గుమస్తాగా చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్ వెళ్ళి, తరువాత మస్కట్ సుల్తాను వద్ద ఆర్థికమంత్రి అయ్యాడు. 1930 డిసెంబరులో సలాలా నుంచి బయలుదేరి, ఒంటెల మీద రుబ్ అల్ ఖాలీ ఎడారిని దాటి, 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. ఆ ఎడారిలో అత్యధిక భాగం నేటి సౌదీ అరేబియాలోనే ఉంది. దాన్ని దాటిన తొలి పాశ్చాత్యుడు ఈ తపాలా గుమస్తానే. 1944లో బ్రిటిష్ ప్రభుత్వం జెరూసలేంలో అరబ్బు అధ్యయన కేంద్రం తెరిచినప్పుడు తొలి సంచాలకుడు కూడా ఆయనే. అధికారులకు అరబ్బీ నేర్పడం ఆ కేంద్రం పని. కొన్నేళ్ళకు అది లెబనాన్‌లోని షెమ్లాన్ గ్రామానికి మారి, 1978 వరకు నడిచింది. అక్కడ చదివినవారు చదువుకునే అధికారులే గాని, అధికారులయ్యేందుకు చదివే కుర్రవాళ్ళు కారు.

దహ్రాన్‌లో జరిగింది ఇంతకంటె ఆసక్తికరం. 1933లో కుదిరిన చమురు ఒప్పందం, 1938లో దమ్మాం ఏడవ బావిలో పడిన చమురు, ఆ తరువాత వెలసిన అరాంకో కంపెనీ కథ అందరికీ తెలిసినదే. ఆ కంపెనీలో ఒక పరిశోధన విభాగం ఉండేదన్నది తక్కువమందికి తెలుసు. దానికి ప్రాణం పోసినవాడు జార్జ్ రెంట్జ్. యుద్ధకాలంలో కైరోలో అమెరికా ప్రభుత్వానికి పనిచేసి, 1946లో అరాంకోలో చేరాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి డాక్టరేటు ఆయనకు వచ్చింది 1948లో, అంటే ఉద్యోగంలో ఉండగానే. విషయం: ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్ ఉద్యమం, తొలి సౌదీ రాజ్యస్థాపన. అమెరికాలో ఆ విషయం బోధించగలవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజులవి. ఆయన సిద్ధాంతవ్యాసం ఎన్నో దశాబ్దాలు టైపు ప్రతిగానే చేతులు మారి, 2004లో గాని పుస్తకం కాలేదు. సహచరుడు ఫెదెరికో విదాల్ అల్ హసా ఒయాసిస్‌ గురించి 1955లో రాసిన గ్రంథం నేటికీ పనికివస్తోంది.

అయితే కంపెనీ పరిశోధకులను పోషించింది జ్ఞానతృష్ణతో మాత్రమే కాదు. బురైమి ఒయాసిస్ ఎవరిదన్న తగాదాలో సౌదీ పక్షానికి తెగల వంశావళులు, పన్నుల వివరాలు, బావుల పేర్లు సాక్ష్యాలుగా కావలసివచ్చాయి. రెంట్జ్ బృందం వాటిని సేకరించింది. ఏ తెగ ఎక్కడ ఒంటెలను మేపుతుందో అంత శ్రద్ధగా రాసుకున్నవారు తమ కంపెనీ శిబిరాలలోని మనుషుల మీద అలాంటి గ్రంథమేదీ అచ్చువేయలేదు. అక్కడ అమెరికన్లకు ఒక చోట, భారతీయ గుమస్తాలకూ నిపుణ కార్మికులకూ మరొక చోట, సౌదీలకు ఇంకొక చోట నివాసాలు. 1953లో వేలాది సౌదీ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ శిబిరాల చరిత్రను, వాటిలోని జాతివివక్షను, రాబర్ట్ విటాలిస్ 2007లో గాని విస్తారంగా వెలికితీయలేదు. ధనమిచ్చినవాడి ప్రశ్నలే పరిశోధనలో ముందు నిలుస్తాయనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

విశ్వవిద్యాలయాల కథ కూడా దీనికి భిన్నం కాదు. ప్రిన్‌స్టన్‌లో ఫిలిప్ హిట్టి కార్యక్రమం 1947లో, హార్వర్డ్ మధ్యప్రాచ్య కేంద్రం 1954లో మొదలయ్యాయి. రష్యా ఉపగ్రహం ఎగిరిన మరుసటి సంవత్సరం, 1958లో, అమెరికా చేసిన జాతీయ రక్షణ విద్యాచట్టం ఆరవ అధ్యాయం వీటికి నిధుల ద్వారాలు తెరిచింది. చట్టం పేరులోనే రక్షణ ఉంది. ఢిల్లీలో 1955లో సప్రూ హౌస్ కేంద్రంగా మొదలైన అంతర్జాతీయ అధ్యయనాల పాఠశాల తరువాత జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. అక్కడ ఆ ప్రాంతాన్ని పశ్చిమాసియా అంటారు. పేరులోని ఈ తేడా చిన్నదేమీ కాదు: మనకు పడమరగా ఉన్నదాన్ని తూర్పు అని పిలవడానికి లండన్‌లో నిలబడి చూడాలి.

ఇక హైదరాబాదుకు వస్తాను. 1888 నుంచి అరబ్బీ తాళ్ళపెట్టెలలోని గ్రంథాలను పరిష్కరించి అచ్చువేస్తున్న దాయిరతుల్ మారిఫ్ ఉన్న ఊరు ఇది. ఈ ఊరివాడైన ఒమర్ ఖాలిదీ జీవితం మన ప్రశ్నకు అన్నిటికంటె దగ్గరది. ఆయన అమెరికాలో విచిటా స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివి, 1980ల మొదట్లో రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. తరువాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ఆగాఖాన్ గ్రంథాలయ విభాగంలో ఉద్యోగానికి చేరి, 2010లో మరణించేదాకా అక్కడే ఉన్నాడు. హైదరాబాదు సంస్థానం పతనం మీద ఆయన కూర్చిన సంపుటం 1988లో వచ్చింది. హార్వర్డ్ విస్తరణ పాఠశాలలో మాస్టర్స్ పట్టా పొందింది 1991లో. అది ఉద్యోగస్తుల కోసం 1910లో మొదలైన విభాగం. డాక్టరేటు 1994లో, వేల్స్‌లోని లాంపీటర్ అనే చిన్న పట్టణపు కళాశాల నుంచి.

ఈ సంవత్సరాల వరుస చూడండి. పుస్తకం ముందు, పట్టాలు తరువాత. పేరుమోసిన ప్రాంతీయ కేంద్రంలో పూర్తికాలపు సీటు కోసం ఉద్యోగం వదలలేదు. పుస్తకాల నడుమ ఉండే కొలువు చేసుకుంటూ, పనిచేసేవారికి తలుపు తెరిచిన చోట్లనే చదివాడు. చదివినది కూడా ఏ ప్రభుత్వ శాఖకూ అవసరమైన 'ప్రాంతం' కాదు. హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు, దక్కనులోని హబ్షీలు, గోల్కొండ వజ్రాలు, హైదరాబాదు కట్టడాలు ఆయన విషయాలు. పటంలో గీత గీసి అరేబియా ఇటు, దక్కను అటు అని విడదీసే కేంద్రాలలో ఈ విషయాలకు చోటు దొరకడం కష్టం. అంచులలో ఉన్న సంస్థలు ఇచ్చిన స్వేచ్ఛ ఆయనకు ఇక్కడ ఉపకరించిందని నా అనుమానం. సిద్ధాంతవ్యాసం మీద నమ్మకమున్నవారికి, బోధన ఉద్యోగం ఆశించనివారికి ఇదే నయమైన దారి. అధ్యాపక పదవి కోరేవారికి మాత్రం ఈ దారి ఇరుకైనదేనని చెప్పక తప్పదు.

భాష సంగతి వేరే చెప్పాలి. ఇరవై ఏళ్ళు జుబైల్‌లో పనిచేసిన మనిషికి వచ్చిన అరబ్బీ, తరగతిలో పరీక్షించే అరబ్బీ ఒకటి కావు. మన గ్రాంథిక-వ్యావహారిక వివాదం తెలిసినవారికి ఇది కొత్త కాదు; కాకపోతే అక్కడి గిడుగు ఇంకా గెలవలేదు. ఫుస్‌హా రాకుండా పత్రికగాని, దస్తావేజుగాని, చరిత్రగాని చదవలేము. రియాద్‌కు చెందిన హమద్ అల్ జాసిర్ 1966 నుంచి వెలువరించిన 'అల్ అరబ్' పత్రికలో నజ్ద్ భూగోళం, వంశచరిత్రల మీద అపారమైన సామగ్రి ఉంది. అది అనువాదంలో దొరకదు. కాబట్టి డిగ్రీ పేరు కంటె ముందు, ఎన్ని సంవత్సరాల అరబ్బీ, వారానికి ఎన్ని గంటలు, అది సాయంకాలం చదవగలమా అన్నది చూడాలి. ఒక ఏడాది మాస్టర్స్‌లో సున్న నుంచి మొదలుపెట్టి మూలగ్రంథాల దాకా రావడం జరిగే పని కాదు. అరాంకోలో రెంట్జ్‌తో పనిచేసిన విలియం మలిగన్ కాగితాలు జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. అవి చాలావరకు ఇంగ్లీషులోనివే గనుక, భాష పండేలోపల మొదలుపెట్టడానికి అనువైనవి.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవారి ఉత్తరాలు, క్యాసెట్లు, ఏజెంట్ల రసీదులు ఇప్పటికీ ఇళ్ళ అటకల మీద ఉన్నాయి. వాటి మీద పనిచేయదలచినవారు దరఖాస్తుకు ముందే ఆచార్యులకు ఉత్తరం రాసి, అరబ్బీతోపాటు తెలుగునూ పరిశోధన భాషగా అంగీకరిస్తారా, దక్షిణాసియా విభాగం నుంచి రెండవ పర్యవేక్షకుణ్ణి ఇస్తారా అని అడగడం మంచిది. ఫీజుల సంగతి ఆ జవాబు వచ్చాక చూసుకోవచ్చు.