ఓటరు విముఖుడగుట : జస్టిస్ పార్టీ చరిత్ర చెప్పు పాఠము

అధికారము సంపాదించుటకంటె ప్రజావిశ్వాసమును నిలుపుకొనుట కష్టతరము. ఇందుకు మన పెద్దల కాలమున చెన్నపురి రాజధానిని ఏలిన జస్టిస్ పార్టీ చరిత్ర చక్కని నిదర్శనము.

ఈ పక్షమును 1916లో డాక్టర్ టి. ఎం. నాయర్, పిట్టి త్యాగరాయ చెట్టి ప్రభృతులు స్థాపించిరి. ఉద్యోగములందును విద్యయందును బ్రాహ్మణేతరులకు న్యాయమైన భాగము లభింపవలెనన్నది వారి ఆశయము. ఆ ఆశయమున సత్యము కలదు. 1921 నుండి 1926 వరకు ప్రధానమంత్రిగానున్న పానుగంటి రాజావారి పాలనలో దేవాలయముల ఆస్తులపై పర్యవేక్షణకు చట్టము వచ్చెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వెలసెను. ఈ మేలు మరువరానిది.

అయితే 1920లోను 1930లోను ఆ పక్షము గెలిచినప్పుడు కాంగ్రెసు శాసనసభలను బహిష్కరించి యుండెను. ప్రత్యర్థి బరిలో లేనప్పటి విజయమును నాయకులు ప్రజల ప్రేమగా భావించిరి. అదియే వారి మొదటి పొరపాటు.

రెండవ పొరపాటు ఆశయమును విడిచి పదవులను పట్టుకొనుట. జమీందారు కాని బి. మునుస్వామినాయుడు 1930లో ప్రధానమంత్రి కాగా, 1932లో జమీందారీ వర్గము ఆయనను తొలగించెను. తరువాత బొబ్బిలి రాజావారు వచ్చిరి. సామాన్యుని పేర పుట్టిన పక్షము సంస్థానాధిపతుల చేతులలోనికి పోయెను. స్థానిక సంస్థలలోని పదవులకై సొంత నాయకులే కలహించుకొనిరి.

అవి ఆర్థికమాంద్యపు దినములు. ధాన్యము ధర పడిపోయినను శిస్తు తగ్గలేదు, అప్పు పెరిగెను. జమీ గ్రామములలో రైతులు కౌళ్ల భారముతో క్రుంగిరి. ఎన్. జి. రంగా మొదలగువారు రైతుసంఘములను నడిపిరి. ఇట్టి సమయమున మంత్రులు నెలకు నాలుగువేల రూపాయలకు పైగా జీతము తీసికొనుట జనుల కంట పడకుండునా? రైతు కడుపుమంట ఓటుగా మారుటకు ఎంతోకాలము పట్టలేదు.

1935 చట్టము ఓటర్ల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచెను. ఆస్తితోపాటు అక్షరజ్ఞానము కూడ ఓటునకు అర్హత యయ్యెను. 1937 ఎన్నికలలో చదువురానివారి సౌకర్యార్థము రంగుల పెట్టెలు ఉంచిరి. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. శాసనసభలోని 215 స్థానములలో 159 కాంగ్రెసుకు దక్కెను. బొబ్బిలి నియోజకవర్గముననే రాజావారిని వి. వి. గిరి ఓడించిరి. తరువాత వచ్చిన కాంగ్రెసు మంత్రులు 500 రూపాయల జీతముతో సరిపెట్టుకొనిరి. ప్రజలు ఆ నిరాడంబరతను మెచ్చుకొనిరి.

కథ ఇంతటితో ముగియలేదు. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో అదే కాంగ్రెసు అదే మద్రాసు రాష్ట్రమున 375 స్థానములకు 152 మాత్రమే పొందెను. తిండిగింజల కొరత, కంట్రోళ్ల బాధ, ముఠాతగవులు జనుల మనసును విరిచెను. ప్రకాశము పంతులువంటి పెద్దలే అప్పటికి పక్షమును వీడియుండిరి. ఒకనాడు జస్టిస్ పార్టీని తూచిన త్రాసుతోనే ఓటరు కాంగ్రెసును కూడ తూచెను. పక్షము పేరు మారినను ఆ త్రాసు మారలేదు.

కాని ఓటరు సరిగా తూచవలెనన్న వానికి విషయము తెలియవలెను గదా! 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి పల్లెలలోని పఠనమందిరములు చేసిన సేవ ఇదియే. ఒకరు పత్రిక బిగ్గరగా చదువగా పదిమంది చుట్టును కూర్చుండి వినిరి, విని ప్రశ్నించిరి. కోపముతో వేసిన ఓటు పాలకుని మార్చగలదు. తెలిసి వేసిన ఓటు పాలనను మార్చగలదు. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఏ పక్షమునకును చెందక, అన్ని పక్షముల పత్రికలను ఒకే బల్లపై ఉంచుచుండుగాక.