ఎస్టరీకరణ సమతాస్థితి

కార్బాక్సిలిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఎస్టర్‌నూ నీటినీ ఇచ్చే చర్య ఎస్టరీకరణం. ఇది ద్విగత చర్య. పుట్టిన నీరే ఎస్టర్‌ను విడగొట్టి ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నూ తిరిగి ఇస్తుంది. రసాయన సమతాస్థితిని అంకెల్లో పట్టుకున్న తొలి ప్రయోగాల్లో ముఖ్యమైనవి ఈ చర్య మీదే జరిగాయి.

1862లో ఫ్రాన్స్‌కు చెందిన మార్సెలిన్ బెర్తెలో, లియోన్ పియాన్ ద సాన్-జిల్ ఎసిటిక్ ఆమ్లాన్నీ ఇథైల్ ఆల్కహాల్‌నూ తూచి గాజు గొట్టాల్లో పోసి, మూతి కరిగించి మూసి వేడిచేశారు. తర్వాత గొట్టం తెరిచి, మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో అంశమాపనం చేసి లెక్కగట్టారు. రెండింటినీ సమాన మోల్‌లలో తీసుకుంటే, సుమారు మూడింట రెండు వంతులు ఎస్టర్ అయ్యాక చర్య ఇక సాగలేదు. ఎస్టర్, నీరు తీసుకుని వెనక నుంచి మొదలుపెట్టినా అక్కడికే చేరింది. వేడి చేస్తే గంటల్లో వచ్చే ఈ హద్దుకు మామూలు ఉష్ణోగ్రత వద్ద ఏళ్లు పట్టింది. హద్దు మాత్రం దాదాపు కదల్లేదు.

ఈ ఫలితాలు నార్వే శాస్త్రజ్ఞులు గుల్డ్‌బర్గ్, వాగెలు 1864లో ప్రతిపాదించిన ద్రవ్యరాశి క్రియా నియమానికి ఆధారమయ్యాయి. 1877లో వాంట్ హాఫ్ వీటినే మళ్లీ లెక్కించి సమతాస్థితి స్థిరాంకం 4 అని చూపాడు: (2/3 × 2/3) ÷ (1/3 × 1/3). ఆయన 1884 నాటి గ్రంథం హద్దు ఎందుకు కదలదో కూడా చెప్పింది. చర్యలో వెలువడే వేడి ఎంత తక్కువైతే, ఉష్ణోగ్రతతో స్థిరాంకం అంత తక్కువ మారుతుంది. ఎస్టరీకరణంలో ఆ వేడి సున్నాకు దగ్గర.

ఎక్కువ వేడినిచ్చే దిశలోనే చర్యలు సాగుతాయన్న బెర్తెలో గరిష్ఠ కృత్య సూత్రానికి ఇంతకంటే బలమైన ఎదురు సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యం ఆయన సొంత ప్రయోగశాలదే. చర్య దిశను నిర్ణయించేది వేడి ఒక్కటే కాదు, ఎంట్రోపీని కూడా కలుపుకున్న స్వేచ్ఛా శక్తి. స్థిరాంకం 4 అంటే 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ శక్తిలో మార్పు మోల్‌కు సుమారు −3.4 కిలోజౌళ్లు మాత్రమే.

ఇంత చిన్న మొగ్గును నీరు తేలిగ్గా తిప్పేస్తుంది. లీటరు నీటి ద్రావణంలో ఆమ్లం, ఆల్కహాల్ ఒక్కో మోల్ చొప్పున ఉంటే, ఇదే స్థిరాంకం ప్రకారం పదో వంతు కూడా ఎస్టర్‌గా మారదు. అందుకే 1895లో ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ రూపొందించిన పద్ధతిలో కొద్దిగా హైడ్రోజన్ క్లోరైడ్ ఉత్ప్రేరకంగా, ఆల్కహాల్ మోతాదుకు మించి ఉంటాయి. ఉత్ప్రేరకం వేగాన్ని పెంచుతుంది. దిగుబడిని పెంచేది అదనపు ఆల్కహాల్.

వేడి ఎందుకు అంత తక్కువో బంధాల స్థాయిలో తేలింది 1938లో. రాబర్ట్స్, యూరీ బరువైన ఆక్సిజన్-18 ఉన్న మిథనాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో కలిపారు. ఆ ఆక్సిజన్ ఎస్టర్‌లోనే నిలిచింది, నీటిలోకి రాలేదు. అంటే ఆమ్లంలోని కార్బన్-ఆక్సిజన్ బంధం తెగి అలాంటి బంధమే ఏర్పడుతోంది. ఆల్కహాల్‌లోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం పోయి నీటిలో అదే రకం బంధం వస్తోంది.