కిల్డేర్ దారి: పునీత బ్రిజిడ్ యాత్రలో ఐర్లండ్ చరిత్ర

ఐర్లండ్ క్రైస్తవ చరిత్రను పునీత పాట్రిక్‌తో మొదలుపెట్టి ఆయనతోనే ముగించడం బయటి దేశాలవారికి అలవాటైంది. పాట్రిక్ బ్రిటన్‌లో పుట్టి, బానిసగా ఈ ద్వీపానికి చేరినవాడు. ఆయనతో పాటు ఈ దేశపు పాలక పునీతురాలిగా, అంటే దేశానికి అండగా నిలిచే సాధ్విగా, కొలువబడే బ్రిజిడ్ మాత్రం ఈ మట్టిలోనే పుట్టిందని సంప్రదాయం చెబుతుంది. ఉద్యోగాలకూ చదువులకూ వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మార్చి 17 నాటి పాట్రిక్ ఊరేగింపులు తెలిసినంతగా ఫిబ్రవరి 1 నాటి బ్రిజిడ్ పండుగ తెలియదు. అయితే ఈ దేశపు స్త్రీలు ఒకనాడు ఏ గౌరవం అనుభవించారో, దానిని ఎలా పోగొట్టుకున్నారో గ్రహించడానికి బ్రిజిడ్ పేరిట సాగే పాదయాత్ర కంటే మంచి దారి లేదు.

ఆ యాత్ర లౌత్ కౌంటీలో, ఉత్తర ఐర్లండ్ సరిహద్దుకు చేరువగా ఉన్న ఫాహర్ట్‌లో మొదలై, నైరుతి దిశగా వంద కిలోమీటర్లకు పైగా సాగి, కిల్డేర్ పట్టణంలో ముగుస్తుంది. సుమారు 451లో డువ్‌తాఖ్ అనే నాయకుడికీ, అతని బానిస అయిన బ్రోయిక్‌షెఖ్‌కూ బ్రిజిడ్ ఫాహర్ట్‌లో జన్మించిందనీ, తండ్రి ఖడ్గాన్ని సైతం ఒక కుష్ఠురోగికి దానమిచ్చేసిందనీ గాథలు చెబుతాయి. అక్కడి సెలయేటి ఒడ్డున తలకూ, కళ్ళకూ, మోకాళ్ళకూ వేర్వేరుగా పేర్కొన్న రాళ్ళున్నాయి. యాత్రికులు బాధ ఉన్న అవయవాన్ని దానికి చెప్పిన రాతికి తాకించి ప్రార్థిస్తారు. అదే ఫాహర్ట్‌లో 1318లో, ఐర్లండ్ రాజునని ప్రకటించుకున్న స్కాట్లండ్ యువరాజు ఎడ్వర్డ్ బ్రూస్ యుద్ధంలో హతుడయ్యాడు. కాబట్టి యాత్రికులు తొలి అడుగు వేసే చోటే ఈ దేశపు రాజ్యకాంక్షల గుర్తూ, నేటి విభజన రేఖా ఎదురవుతాయి.

బ్రిజిడ్ నిజంగా జీవించిన స్త్రీయా, లేక క్రైస్తవానికి ముందున్న దేవతకే వేసిన కొత్త వేషమా అన్న వాదం పండితులలో చాలాకాలంగా ఉంది. సుమారు 900 నాటి కోర్మాక్ నిఘంటువు కవులు ఆరాధించిన బ్రిజిడ్ అనే దేవతనూ, వైద్యానికీ కమ్మరానికీ అధిదేవతలైన ఆమె అక్కచెల్లెళ్ళనూ పేర్కొంటుంది; పునీతురాలి పండుగ కూడా పాతకాలపు వసంతారంభ పర్వదినం మీదనే పడుతుంది. ఈ రెండు ధారలనూ విడదీయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఇక్కడి భక్తులు వాటిని కలిపే మోస్తూ వచ్చారు.

కిల్డేర్ విషయంలో చరిత్ర ఇంకా గట్టి నేల మీద నిలుస్తుంది. ఏడవ శతాబ్దంలో కోగిటోసస్ అనే సన్యాసి లాటిన్‌లో రాసిన బ్రిజిడ్ చరిత్ర ప్రకారం, ఓక్ చెట్టు నీడన వెలసిందని చెప్పే అక్కడి మఠం స్త్రీ పురుషులిద్దరికీ చెందినది. ఆలయంలో అడ్డుగోడకు ఒక వైపు స్త్రీలు, మరొక వైపు పురుషులు నిలిచేవారు. బలిపీఠానికి ఇరువైపులా బ్రిజిడ్, పీఠాధిపతి కొన్లెత్‌ల సమాధులు బంగారు, వెండి అలంకారాలతో మెరిసేవి. పండుగనాడు కొందరు విందు కోసం, కొందరు స్వస్థత కోసం, కొందరు కేవలం జనసందోహాన్ని చూడడానికి వచ్చేవారని ఆయన దాపరికం లేకుండా రాశాడు. తరువాతి శతాబ్దాలలో కిల్డేర్ మఠాధ్యక్షురాలికి పీఠాధిపతులతో తులతూగే ప్రతిష్ఠ ఉండేది. ఐరోపాలో ఆనాడు ఇంతటి అధికారం పొందిన స్త్రీలు అరుదు.

ఆ ప్రతిష్ఠే కిల్డేర్ మీదికి ఆపద తెచ్చింది. 1132లో లెన్‌స్టర్ రాజు డెర్మట్ మక్‌మర్రో సేనలు మఠాన్ని దోచి, మఠాధ్యక్షురాలిని చెరబట్టి, ఆమెపై అత్యాచారం జరిపించి, పదవికి పనికిరాదనిపించి, రాజుకు బంధువైన స్త్రీని ఆ స్థానంలో కూర్చోబెట్టాయి. ఒక స్త్రీ అధికారాన్ని కూలదోయడానికి ఆమె దేహాన్నే ఆయుధంగా వాడుకున్న ఈ ఘోరాన్ని ఐర్లండ్ చరిత్రకారులు ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. ఎందుకంటే, తరువాత రాజ్యం పోగొట్టుకుని, ఇంగ్లండ్ రాజు రెండవ హెన్రీ సాయం కోరి, 1169లో నార్మన్ యోధులను ఈ ద్వీపానికి రప్పించినవాడు కూడా ఆ డెర్మటే. శతాబ్దాల పరాయి పాలనకు ద్వారం తెరుచుకున్నది అప్పుడే. ఈలోగా 1152 నాటి కెల్స్ మహాసభ రోమ్ పద్ధతిలో పీఠాధిపతుల పాలనను స్థిరపరచడంతో మఠాధ్యక్షురాలి ఆధిక్యం అంతరించింది.

అయినా కిల్డేర్ మఠంలో బ్రిజిడ్ పేరిట కాపాడుతూ వచ్చిన జ్యోతి మాత్రం అప్పుడు ఆరలేదు. 1180లలో ఐర్లండ్‌కు వచ్చిన వేల్స్ మతాచార్యుడు జెరాల్డ్, పందొమ్మిది మంది మఠకన్యలు వంతులవారీగా రాత్రిళ్ళు కాపాడే ఆ అఖండాగ్నిని ఇరవయ్యవ రాత్రి బ్రిజిడ్‌కే వదిలేసేవారనీ, దాని చుట్టూ ఉన్న కంచెను ఏ పురుషుడూ దాటరాదనీ రాశాడు. పదహారవ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ మఠాలను రద్దుచేయడంతో ఆ అగ్నీ ఆరిపోయింది. 1704లో అమలైన చట్టం పవిత్ర బావుల దగ్గర భక్తులు గుమిగూడడాన్నే నేరం చేసి, పది షిల్లింగుల జరిమానా కట్టలేనివారికి కొరడా దెబ్బలు విధించింది. అయినా బీదజనం బావుల చుట్టూ సూర్యుడి గమన దిశలో ప్రదక్షిణలు చేయడం, పక్కనున్న చెట్టుకు గుడ్డపీలికలు కట్టడం మానలేదు. మొక్కుకుని చెట్టుకు ముడుపు కట్టే తెలుగువారికి ఆ దృశ్యం కొత్తగా తోచదు.

1807లో పీఠాధిపతి డానియెల్ డెలానీ టల్లోలో బ్రిజిడ్ పేరిట కన్యకా సభను నెలకొల్పి, కిల్డేర్ నుంచి తెచ్చిన ఓక్ మొక్కను అక్కడ నాటించాడు. ఆ సభకు చెందిన సోదరీమణులే 1993లో కిల్డేర్‌లో జ్యోతిని తిరిగి వెలిగించి, నేటికీ కాపాడుతున్నారు. మాగ్దలీన్ లాండ్రీలనే చర్చి సంస్థలలో బలవంతపు చాకిరీ చేసిన స్త్రీల కథలు బయటపడ్డాక, వాటి విషయంలో 2013లో ప్రభుత్వమే క్షమాపణ చెప్పాక, పూజారుల మాట మీద నమ్మకం సడలినవారు అనేకులు. వారిలో ఎందరో బ్రిజిడ్ దగ్గరకు మాత్రం నడిచి వస్తున్నారంటే, వారు వెదుకుతున్నది భక్తితో పాటు న్యాయం కూడా అని భావించడం సమంజసం.

యాత్ర చివరి మజిలీ కిల్డేర్ శివార్లలోని టల్లీ బావి. అక్కడ వరుసగా నిలిపిన అయిదు రాళ్ళ దగ్గర ఆగి ఆగి ప్రార్థించి, నీటిని తాకి, పట్టణంలోని ప్రధానాలయానికి చేరడం ఆచారం. ఒంటరిగా వచ్చి గంటల తరబడి మౌనంగా నడిచేవారూ, జమ్ము గడ్డితో అల్లిన బ్రిజిడ్ సిలువను ఇంటి గుమ్మానికి కట్టుకోవడానికి తీసుకువెళ్ళేవారూ ఇక్కడ కనిపిస్తారు. బ్రిజిడ్ పండుగ వచ్చే ఫిబ్రవరిలోనే విజయవాడలోని గుణదల కొండెక్కే భక్తులను ఎరిగిన తెలుగు క్రైస్తవులకు ఈ మౌనం భిన్నంగా అనిపించినా, మొక్కు మాత్రం పరాయిది కాదు.

2023 నుంచి బ్రిజిడ్ పేరిట ఐర్లండ్‌లో జాతీయ సెలవు అమలులో ఉంది. ఒక స్త్రీ పేరిట ఇచ్చిన తొలి సెలవు ఇదే. సాధారణంగా ఫిబ్రవరి మొదటి సోమవారం వచ్చే ఆ సెలవు ఇక్కడి తెలుగు ఇళ్ళకూ వర్తిస్తుంది. డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్ నుంచి గంటలోపే రైలు కిల్డేర్ చేరుస్తుంది కనుక, ఒక్కసారైనా పిల్లలను వెంటబెట్టుకుని టల్లీ బావి దాకా నడవాలనీ, 1132 నాటి ఆ మఠాధ్యక్షురాలిని కూడా అక్కడ తలుచుకోవాలనీ తెలుగు కుటుంబాలకు మనవి.