డేటాతో పాటు కంప్యూటర్‌నూ ఇచ్చారు

2014 నవంబరులో కణ భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ సెర్న్ ఒక పెద్ద సాహసం చేసింది. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 2010లో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు సీఎంఎస్ పరికరం నమోదు చేసిన డేటాలో దాదాపు 27 టెరాబైట్లు లోకానికి ఉచితంగా ఇచ్చేసింది.

ఇస్తే మాత్రం చదివేదెలా? అది అర్థమయ్యేది సీఎంఎస్ సొంత సాఫ్ట్‌వేర్‌కే. ఆ పాత వెర్షన్‌కేమో సైంటిఫిక్ లైనక్స్ 5 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. మన ల్యాప్‌టాప్‌లో ఉండేది విండోసో, మ్యాకో. అందుకని డేటాతో పాటు ఒక కంప్యూటర్‌నే ఫైలుగా మార్చి ఇచ్చారు. దాన్ని వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో తెరిస్తే మన యంత్రంలోనే సీఎంఎస్ వాళ్ల యంత్రం లేచి కూర్చుంటుంది.

ఈ ఉపాయం మూలాలు 1964 నాటివి. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం పరిశోధకులు రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ను పలు యంత్రాలుగా విడదీసే పని మొదలుపెట్టారు. 1967లో వాడుకలోకి వచ్చిన సీపీ-40లో 14 మందిదాకా ఎవరి కంప్యూటర్ వారిదే అన్నట్టు పనిచేసుకోగలిగారు. అప్పట్లో యంత్రం ఖరీదైనది కాబట్టి పంచుకోక తప్పలేదు.

సెర్న్ చిక్కు దీనికి తలకిందులు. యంత్రాలు దేశదేశాల్లో బోలెడున్నాయి, కానీ ఏ రెంటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒకేలా ఉండదు. 2008లో ప్రెడ్రాగ్ బున్‌చిచ్ నాయకత్వంలో మొదలైన సెర్న్‌వీఎం అనే వర్చువల్ యంత్రం దీనికి జవాబు. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది యాకోబ్ బ్లోమర్ రూపొందించిన ఫైల్ సిస్టమ్. గిగాబైట్ల కొద్దీ సాఫ్ట్‌వేర్‌ను ముందే నింపిపెట్టదు. ప్రోగ్రామ్ ఏ ఫైలు అడిగితే దాన్ని అప్పుడే నెట్ నుంచి తెచ్చి, మళ్లీ అవసరపడుతుందని దగ్గర ఉంచుకుంటుంది. వంటింట్లోకి సంతంతా మోసుకురాకుండా, కావలసినప్పుడు కావలసిన దినుసే తెప్పించుకున్నట్టు. అందుకే దీని ఆధారంగా సీఎంఎస్ ఇచ్చిన యంత్రం తేలిగ్గా డౌన్‌లోడ్ అయ్యేంత చిన్నదైంది.

ఎంఐటీలో సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త జెస్సీ థేలర్ సీఎంఎస్ బృందంలో సభ్యుడు కాదు. ఆయనా, సహచరులూ ఈ ఉచిత డేటాలోంచే జెట్లను, అంటే క్వార్కులూ గ్లువాన్లూ వెదజల్లే కణాల ధారలను పరిశీలించి, 2017లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వ్యాసం ప్రచురించారు. బయటివారు అలా చేయగలగడం చిన్న విషయం కాదు.

అయితే దానికి తోడుగా రాసిన వ్యాసంలో తమకెదురైన ఇబ్బందులనూ నిజాయితీగా రాశారు: వివరణలు తలోచోటా చెదిరి ఉన్నాయి, చేసింది సరో కాదో పోల్చి చూసుకోవడానికి నమూనా విశ్లేషణలు చాల్లేవు. యంత్రాన్ని ఫైలుగా పంపించగలిగారు గానీ, దాన్ని వాడే సీఎంఎస్ వాళ్ల అనుభవం ఆ ఫైలులో ఇమడలేదు.