రికార్డు తిప్పడమూ ఒక విద్యే



"పాట పాడేది ఒకరు, వాద్యం వాయించేది మరొకరు. మధ్యలో ఈ డీజే చేసేదేముందండీ? రికార్డు పెట్టడం, మీట నొక్కడం! అదీ ఒక విద్యేనా?" అన్న మాట పెళ్లిళ్లలో మనం తరచు వింటూనే ఉంటాం. ఊరేగింపుల్లో బండి నిండా పెట్టెలు పేర్చి, గుండెలదిరేలా మోగించేదాన్నే మనవాళ్లు 'డీజే' అంటున్నారు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో వాటిని నిషేధించారు కూడా. కాబట్టి ఆ పేరు వినగానే చెవులు మూసుకునేవారిని తప్పు పట్టలేం. అయితే చప్పుడు వేరు, విద్య వేరు. ఈ విద్య ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో కాస్త తెలుసుకుందాం. అందులో ఆడవాళ్ల ప్రమేయం కూడా తక్కువేమీ కాదు.

డీజే అంటే డిస్క్ జాకీ. డిస్క్ అంటే రికార్డు, జాకీ అంటే గుర్రపుస్వారీ చేసేవాడు. ఈ వృత్తి మొదలైంది రేడియోలోనే. 1935లో న్యూయార్కులో మార్టిన్ బ్లాక్ అనే ఆయన, ఒక పెద్ద కేసు విచారణ వార్తలకు మధ్య దొరికిన ఖాళీలో రికార్డులు వేస్తూ, ఎదురుగా వాద్యబృందం కూర్చుని ఉన్నట్టే కబుర్లు చెప్పేవాడు. శ్రోతలకు అది ఎంతో నచ్చింది. వాద్యకారులకు మాత్రం కడుపు మండింది. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. రికార్డుతోనే పని జరిగిపోతుంటే, కూర్చుని వాయించేవాళ్లకు కూలి ఎవరిస్తారు? 1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులకు వాయించడమే మానేసింది. పెద్ద కంపెనీలన్నీ దిగివచ్చేసరికి 1944 నవంబరు అయింది. అంటే ఈ తగాదా ఈనాటిది కాదన్నమాట. మన దగ్గర చూడండి, 1952 నుంచి రేడియో సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' నడిపిన అమీన్ సయానీ పాడిందీ లేదు, వాయించిందీ లేదు. అయినా బుధవారం రాత్రి అయ్యేసరికి జనం రేడియో చుట్టూ మూగేవారు.

రేడియోలో పాటకూ పాటకూ మధ్య మాట ఉంటుంది. నాట్యశాలలో ఆ వీలు లేదు. పాట ఆగితే అడుగూ ఆగుతుంది. 1960ల చివర న్యూయార్కులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే యువకుడు ఒక రికార్డు నడుస్తుండగానే రెండో రికార్డును దాని లయలో కలిపేవాడు. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదటి పాట నిమిషానికి 100 దెబ్బలు, రెండోది 104 అనుకోండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టినా, పదిహేను సెకన్లకల్లా ఒక పూర్తి దెబ్బ తేడా వచ్చేస్తుంది. ఒక చెవితో హాల్లో మోగే పాట వింటూ, రెండో చెవితో రాబోయే పాట వింటూ, వేలితో పళ్లేన్ని కొంచెం తోసో, కొంచెం ఆపో ఆ రెంటినీ జోడించాలి. పక్కవాద్యం వాయించేవాళ్లనడగండి, ఆ కష్టమేమిటో చెబుతారు.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ అనే పేట. అక్కడ 1520, సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అద్దె ఇళ్ల భవనం. జమైకా నుంచి వచ్చిన క్యాంప్‌బెల్ కుటుంబం అందులో ఉండేది. ఆ ఇంటి ఆడపిల్ల సిండీకి బడులు తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని కోరిక. అందుకు డబ్బెలా? కింది హాలు అద్దెకు తీసుకుని, విందు నృత్యం ఏర్పాటు చేసి, ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై సెంట్లు టిక్కెట్టు పెట్టింది. రికార్డులు వేసే పని అన్న క్లైవ్‌కు అప్పగించింది. అతన్నే కూల్ హెర్క్ అంటారు. అది 1973 ఆగస్టు 11. ఇవాళ లోకమంతా హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ తేదీనే. అన్న పేరు చరిత్రకెక్కింది సరే, హాలు మాట్లాడి, లెక్క వేసి, జనాన్ని పిలిచిన చెల్లెలు లేకపోతే ఆ రాత్రే లేదు.

హెర్క్ కనిపెట్టిందేమిటంటే, పాటంతటిలోనూ జనం ఎగిరి గంతేసేది గానం ఆగి డప్పుల మోత మాత్రమే వినిపించే చోట. అది కొద్ది సెకన్లలో అయిపోతుంది. అతను ఒకే రికార్డువి రెండు ప్రతులు తెచ్చి, ఒకదాని మీద ఆ మోత అయిపోగానే రెండోదాని మీద మళ్లీ మొదలుపెట్టేవాడు. కొన్ని సెకన్ల ముక్క నిమిషాల పాటు సాగేది. రికార్డులో లేని పాట ఒకటి అతని చేతుల్లో తయారయ్యేదన్నమాట!

హెర్క్ ముల్లును అందాజుగా పెట్టేవాడు. దాన్ని గురి తప్పని విద్యగా మార్చినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. అతను వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివినవాడు, పైగా కుట్టుపని చేసే తల్లికి కొడుకు. పళ్లెం తిరుగుతూ ఉండగానే రికార్డును మాత్రం చేత్తో ఆపి పట్టుకోవాలి. మధ్యనున్న రబ్బరు అట్ట అందుకు అడ్డొస్తోంది. తల్లి పని చూసి పెరిగిన అబ్బాయి గనుక ఏ గుడ్డ ఎలా జారుతుందో అతనికి తెలుసు. ఫెల్టు గుడ్డ తెచ్చి గుండ్రంగా కత్తిరించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి రికార్డు కింద పరిచాడు. ఈనాటికీ డీజేలు అలాంటి గుడ్డే వాడుతున్నారు. రికార్డు మీద రంగు పెన్సిలుతో గీత గీసి, గడియారం ముల్లులా దాన్ని చూస్తూ ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కగట్టాడు. పెద్ద రికార్డు ఒక చుట్టు తిరగడానికి పట్టేది 1.8 సెకన్లు. ఆ లోపల చెయ్యీ, చెవీ, కన్నూ మూడూ ఏకం కావాలి.

మూడో సంగతి 1975 ప్రాంతంలో జరిగింది. గ్రాండ్ విజర్డ్ థియోడోర్ అనే పిల్లవాడు ఇంట్లో పెద్దగా రికార్డులు మోగిస్తుంటే, తల్లి గుమ్మంలోకి వచ్చి కేకలేసింది. ఆమె మాట వింటూ అతను రికార్డును చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. 'జిక్కి జిక్కి' మని ఒక వింత శబ్దం చెవిలో పడింది. దాన్ని అభ్యాసం చేసి చేసి ఒక వాద్యపు పలుకులా తీర్చిదిద్దాడు. దాన్నే స్క్రాచ్ అంటారు. 1983లో హెర్బీ హాన్‌కాక్ వంటి పేరుమోసిన విద్వాంసుడు తన 'రాకిట్' పాటలో ఆ పలుకుకు చోటిచ్చాడు. ఆ పాటకు గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

"ఆ రోజులు వేరండీ, ఇప్పుడన్నీ కంప్యూటరే చేస్తుంది కదా" అంటారేమో. నిజమే. 1972లో జపానువారి టెక్నిక్స్ యంత్రం, 2001లో పయనీర్ వారి సీడీ యంత్రం, ఆ తర్వాత కంప్యూటర్లు వరసగా వచ్చి శ్రమ తగ్గించాయి. ఇవాళ ఒక్క మీటతో రెండు పాటల వేగమూ కలిసిపోతుంది. కాని మన వంటింట్లోకి కుక్కరొచ్చినంత మాత్రాన అందరికీ వంట వచ్చేసిందా? ఏ పాట తర్వాత ఏ పాట, ఎక్కడ నిప్పు రాజేయాలి, ఎక్కడ చల్లార్చాలి, పెద్దవాళ్లు ఎప్పుడు కుర్చీల్లోంచి లేస్తారు అన్నది ఏ యంత్రమూ ఆ హాల్లో జనం ముఖాలు చూసి చెప్పలేదు. ముందే కూర్చిన పాటల వరస పెట్టేసి చేతులు ఊపేవాళ్లూ లేకపోలేదు. బజారు పొడి కలిపి వంట నాదే అనేవాళ్లు లేరూ? వాళ్లను చూసి వంటనే తీసిపారేయం కదా!

2019లో స్వీడన్ దేశం వారు పోలార్ సంగీత బహుమతిని ఫ్లాష్‌కు ఇచ్చారు. 2023లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో హెర్క్‌కు చోటు దొరికింది. ఆడపిల్లలూ వెనకబడలేదు. 1980లలో సాల్ట్-ఎన్-పెపా బృందంలో రికార్డులు తిప్పిన స్పిండరెల్లా అందుకు సాక్ష్యం.

"అదో పనా, ఎవరైనా చేస్తారు" అన్న మాట ఆడవాళ్లకు కొత్త కాదు. ముగ్గు పెట్టినా, ఊరగాయ పెట్టినా, పసిపిల్లను నిద్రపుచ్చినా మనం విన్నది ఆ మాటే. చేసేవాళ్లు అలవోకగా చేస్తారు గనుకనే చూసేవాళ్లకు అది తేలికగా కనిపిస్తుంది. అలాంటి మాట పడినవాళ్లం మనమే ఇంకొకరిని అలా అనడం ఏం బాగుంటుంది? ఈసారి పెళ్లిలో మూల నిలబడి చెవికి గొట్టం పెట్టుకున్న కుర్రవాణ్ణో, అమ్మాయినో చూసినప్పుడు, చప్పుడెక్కువైతే తగ్గించమని చెప్పండి, తప్పులేదు. కాని ఒక పాట మరో పాటలోకి ఎప్పుడు జారుకుందో మీకు తెలియలేదంటే, అక్కడే వాళ్ల నేర్పుందని గుర్తించండి. పారితోషికం దగ్గర బేరమాడేటప్పుడు కూడా ఆ సంగతి గుర్తుంచుకోండి.