అతుకుల బొంత

పొత్తు కుదరని ప్రభుత్వాన్నీ, పొందిక లేని ఉపన్యాసాన్నీ మనవాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు, "అదంతా ఒట్టి అతుకుల బొంత" అని. నా నవల ఒకదాని గురించి కూడా ఒక సమీక్షకుడు ఆ మాటే రాశాడు లెండి. ఆయన జన్మలో ఒక్క బొంతయినా కుట్టి ఉండడని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, ముడత రాకుండా లాగి, అంచు నుంచి లోపలికి వరసగా కుట్టు వేసుకుంటూ వస్తే గాని బొంత బొంత కాదు. అయ్యేసరికి నడుం విరుగుతుంది. తీరా దాని మీద పడుకునేది పసివాడు, తడిపేదీ వాడే. కుట్టినావిడకి పేరూ లేదు, పైసా లేదు.

మన బొంతల సంగతి అలా ఉంచండి. ఇప్పుడు నేను చెప్పబోయేది సముద్రాల అవతల ఒక పల్లెటూరి బొంతల కథ. వాటికి పేరూ వచ్చింది, పైసా వచ్చింది, ఆఖరికి కోర్టు కేసులూ వచ్చాయి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో విల్కాక్స్ కౌంటీ అని ఒకటుంది. అక్కడ అలబామా నది గుర్రపు లాడంలా వంపు తిరుగుతుంది. ఆ వంపులో, మూడు వైపులా నీళ్ల మధ్య ఉన్న ఊరి పేరు జీస్ బెండ్. 1816లో జోసెఫ్ జీ అనే దొర అక్కడ పత్తి తోట వేశాడు. 1845లో అప్పుల కింద ఆ భూమి మార్క్ పెట్‌వే అనే బంధువు చేతికి వచ్చింది. ఆయన ఉత్తర కరొలినాలో ఉన్న తన బానిసల్ని, సుమారు వంద మందిని, అంత దూరమూ కాలినడకన అక్కడికి తోలుకొచ్చాడు. దొర పేరే వాళ్లకి ఇంటిపేరయింది. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవర్ని పలకరించినా చాలామంది పెట్‌వేలే. కాబట్టి ఇక మీదట ఎంతమంది పెట్‌వేలు వచ్చినా అందరూ ఒక తల్లి బిడ్డలని అనుకోకండి.

1865లో బానిసత్వం పోయింది, పత్తి చేను పోలేదు. అదే భూమి పాలికి చేసుకుంటూ, విత్తనాలకీ తిండిగింజలకీ షావుకారు దగ్గర పద్దు రాయించుకుంటూ బతికారు. 1932లో ఆ షావుకారు చచ్చిపోయాడు. ఆయన తాలూకు వాళ్లు బాకీ వసూలుకని ఊరి మీదికి వచ్చి, అరవై పైచిలుకు కుటుంబాల దగ్గరున్న పశువులు, నాగళ్లు, పనిముట్లు, దాచుకున్న తిండిగింజలు ఊడ్చి పట్టుకుపోయారు. ఆ చలికాలం రెడ్ క్రాస్ వాళ్లు పంచిన తిండి లేకపోతే ఊరు ఉండేది కాదు. తరవాత ప్రభుత్వమే ఆ భూమి కొని, ఇళ్లు కట్టించి, 1940ల్లో వాళ్లకే వాయిదాల మీద అమ్మింది. అంతవరకూ చెక్క గుడిసెలే. పలకల సందుల్లోంచి గాలి రాకుండా గోడలకి పాత పత్రికలు అంటించుకునేవారు. 1937లో ప్రభుత్వం పంపిన ఆర్థర్ రోత్‌స్టీన్ తీసిన ఫోటోల్లో ఆ గోడలు ఇప్పటికీ చూడొచ్చు.

అలాంటి ఇంట్లో బొంత అంటే అలంకారం కాదు కదా. పరుపు మీద నాలుగు, ఒంటి మీద నాలుగు ఉంటే గాని తెల్లవారేది కాదు. పైగుడ్డకి పొలంలో తొడిగి చిరిగిపోయిన బట్టలు, పిండి సంచులు, ఎరువు సంచులు. మధ్యలో కూరడానికి ఏరుకొచ్చి కర్రతో బాదిన పత్తి. పైగుడ్డ అతకడం ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా చేసుకునేవారు. అంటే రంగు పక్కన ఏ రంగు వెయ్యాలన్న ఆలోచనలో ఇంకొకరి సలహా ఉండదన్నమాట. పొరలు కలిపి కుట్టేటప్పుడు మాత్రం చట్రం చుట్టూ ఇరుగుపొరుగు వాళ్లంతా చేరి, భక్తి పాటలు పాడుకుంటూ పూర్తి చేసేవారు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే చతురస్రాలు కుడితే "ఇంటికప్పు" అనేవారు, నిలువు పట్టీలు కుడితే "బద్ధకపు పిల్ల". అసలు ఏ నమూనా లేకుండా తోచినట్టు కుడితే దానికీ ఒక పేరుంది, "నా దారి" అని! ఇక బొంత పూర్తిగా పాడైపోతే దాన్ని తగలబెట్టి ఆ పొగతో దోమల్ని తోలేవారు. అందుకే మరీ పాతవి ఎక్కువ మిగల్లేదు.

మిగిలిన వాటిలో ఒకటి 1942 నాటిది. మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ భర్త నథానియెల్ చనిపోయాడు. అప్పటికి కూతురు ఆర్లోంజియాకి పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయి. ఆ పిల్లని పక్కన కూచోబెట్టుకుని తల్లి భర్త పనిబట్టలన్నీ తీసింది. వెలిసిపోయిన పంట్లాం కాళ్లు, చొక్కాల కొసలు వరసగా కోసి బొంత కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ కప్పుకుని పడుకోవడానికని కూతురితో అన్నదట. ఎన్నో ఏళ్ల తరవాత ఆ కూతురే ఈ సంగతి చెప్పింది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని మనలో పట్టింపు. ఎవరికో ఇచ్చేస్తాం, ఏట్లో వదిలేస్తాం. మిస్సోరీ చేసిన పని సరైనదా మన పట్టింపు సరైనదా అంటే నేను తీర్పు చెప్పలేను గాని, ఆవిడ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఈలోగా ఓట్ల గొడవ వచ్చింది. విల్కాక్స్ కౌంటీలో ఎక్కువమంది నల్లవాళ్లే అయినా, 1965 మొదట్లో వాళ్లలో ఒక్కరికి కూడా ఓటు లేదు. ఓటు నమోదు కావాలంటే నది అవతల కేమ్‌డెన్ పట్నానికి వెళ్లాలి, బల్లకట్టు మీద దాటితే నిమిషాల పని. వీళ్లు ఓటు ఊసెత్తడం మొదలుపెట్టాక 1962లో ఆ బల్లకట్టు కాస్తా ఆగిపోయింది. రోడ్డు వెంట చుట్టూ తిరిగి వెళ్లాలంటే దాదాపు నలభై మైళ్లు. కారున్న ఇల్లెక్కడిది? అయినా వెళ్లారు. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వర్షంలో ఆ ఊరొచ్చి మాట్లాడాక మరీ వెళ్లారు. వెళ్లినందుకు కొందరికి పని పోయింది, కొందర్ని ఉన్న ఇంట్లోంచి వెళ్లగొట్టారు.

ఆ ఏడాది డిసెంబరులో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే చర్చి గురువు, జనానికి జరిగే అన్యాయాలు రాసుకుంటూ ఆ ప్రాంతంలో తిరుగుతున్నాడు. ఒక ఇంటి ముందు దండెం మీద మూడు బొంతలు ఆరేసి ఉన్నాయి. ఆయన కారాపి దిగేసరికి ఇల్లావిడ అడవిలోకి పారిపోయింది. తెల్లవాడు కారు దిగాడంటే ఆ రోజుల్లో మంచికి కాదని ఆవిడ అనుభవం. ఆయన మళ్లీ వచ్చి, చుట్టుపక్కల ఒక్కో బొంత 10 డాలర్లకి కొని, న్యూయార్కులో వేలం వేయించాడు. 1966 మార్చిలో సుమారు అరవై మంది ఆడవాళ్లు కలిసి "ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ" అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎస్టెల్ విదర్‌స్పూన్ అనే ఆవిడ దాన్ని చాలా ఏళ్లు నడిపింది. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెబుతాను. సంఘం 23 ఎకరాల పొలం కొని, ఓటు కోసం ఇల్లు పోగొట్టుకున్న కొన్ని కుటుంబాలకి అందులో స్థలాలు అమ్మింది. దారప్పోగులతో సంపాదించిన నేల!

అయితే పెద్ద దుకాణాల వాళ్ల బేరం వేరు. బ్లూమింగ్‌డేల్స్ వాళ్లకి, సియర్స్ వాళ్లకి ఒకటికొకటి అచ్చు గుద్దినట్టుండాలి. జన్మంతా "నా దారి" కుట్టిన చేతులు కొలబద్ద పట్టుకుని కూచున్నాయి. అదేం కళ అని ముక్కు విరిచేవాళ్లుంటారు. నెల తిరిగేసరికి చేతికి జీతం రావడం ఎంత సుఖమో పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1972లో సియర్స్ వాళ్లు కార్డురాయ్ దిండు గలీబులు కుట్టించారు. కత్తిరించగా మిగిలిన పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ముక్కలు ఇళ్లకి వెళ్లాయి. పగలు కొలతకి కుట్టి, రాత్రి ఆ ముక్కలతో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు కుట్టుకున్నారు. అలా తయారైన కార్డురాయ్ బొంతలు ఆ ఊరి బొంతల్లోకల్లా జాజ్వల్యమానంగా ఉంటాయి.

1998లో విలియం ఆర్నెట్ అనే కళాసేకర్త ఒక పుస్తకంలో ఫోటో చూశాడు. కట్టెల పేర్పు మీద ఆరేసిన బొంత అది. దాన్ని వెతుక్కుంటూ వచ్చి, కుట్టిన అన్నీ మే యంగ్‌ని పట్టుకున్నాడు. తరవాత ఊళ్లో వందల బొంతలు కొన్నాడు. 2002లో అవి హ్యూస్టన్ మ్యూజియంలో, అక్కణ్ణించి న్యూయార్కు విట్నీ మ్యూజియంలో గోడలెక్కాయి. న్యూయార్కు విమర్శకుడొకాయన మాటీస్, క్లే వంటి చిత్రకారులతో పోల్చి ఆకాశానికెత్తాడు. పొగిడినందుకు సంతోషమే. కాని ఆడవాళ్ల చేతిపనిని మెచ్చుకోవాలన్నా మధ్యలో ఇద్దరు మగవాళ్ల పేర్లు కావలసివచ్చాయి, చూశారా!

2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతల బొమ్మలతో 39 సెంట్ల స్టాంపులు వేసింది. నలభై నాలుగేళ్ల తరవాత బల్లకట్టు కూడా ఆ ఏడాదే మళ్లీ కదిలింది. మరుసటి ఏడు, 2007లో, అన్నీ మే యంగ్, మరి ఇద్దరు ఆడవాళ్లు కోర్టుకెక్కారు. తమ బొంతలూ, వాటి నమూనాలతో వేసిన సరుకులూ బాగా అమ్ముడయ్యాయనీ, తమకి రావలసినంత రాలేదనీ వాళ్ల వాదన. ఆర్నెట్ వర్గం వాళ్లు కాదన్నారు. 2008లో రెండు పక్షాలూ పెదవి విప్పకుండానే ఆ కేసులు ముగిశాయి. ఎవరిది న్యాయమో ఇక్కణ్ణించి చెప్పడం నా వల్ల కాదు. కాని తాను కుట్టినదాని ఖరీదెంతని ఒక ముసలావిడ కోర్టులో నిలబడి అడగడం, ఆ అడగడం మటుకు నాకు తప్పుగా కనబడలేదు.

సహకార సంఘం 2012లో మూతబడింది. జీస్ బెండ్‌లో బొంతలు మాత్రం ఇంకా కుడుతూనే ఉన్నారు, కుట్టినవాళ్ల పేరు పెట్టి అమ్ముతున్నారు. మిస్సోరీ పెట్‌వే తన భర్త బట్టలతో కుట్టిన బొంత వాషింగ్టన్‌లో జాతీయ కళా మందిరానికి చేరింది.